ఎవరు చెయ్యెత్తినా

మొన్న మంగళవారం పొద్దున మా యార్డు వాట్సాప్ గ్రూపులో కబురొచ్చింది, మేస్త్రి పోయాడని. నిద్రలోనే పోయాడట. ఆ వెనకే ఇంకో మెసేజీ: గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టాలి, ఎవరి దగ్గరైనా మంచి ఫొటో ఉంటే పంపండి.

నా ఫోనంతా వెతికితే ఆయనవి పదకొండు ఫొటోలు దొరికాయి. పదకొండింటిలోనూ చెయ్యి పైకే ఉంది. ఒకదాంట్లో చూపుడువేలు గాల్లో తిప్పుతున్నాడు, బరువు ఎత్తమని. ఒకదాంట్లో అరచెయ్యి కిందికి ఊపుతున్నాడు, మెల్లగా దించమని. అన్నిటికన్నా స్పష్టంగా వచ్చినదాంట్లో మొహం పక్కనే అరచెయ్యి నిటారుగా నిలబెట్టి ఉన్నాడు, ఆపమని. మిగతావాళ్ల ఫోన్లలోనూ అదే వరస. “దండేసిన ఫొటోలో మనిషి దణ్ణం పెట్టాలిగానీ ట్రాఫిక్ పోలీసులా నిలబడితే ఏం బాగుంటుంది?” అని స్టోర్ కీపర్ రాశాడు. ఎవరో చెయ్యి కత్తిరించి పంపారు. చెయ్యి తీసేస్తే ఆ మొహం ఎవరిదో మాకే పోల్చుకోవడం కష్టమైంది.

ఆయన పేరు రాయను. రాసినా యార్డులో సగంమందికి తెలియదు. మేస్త్రి అంటే ఆయనే. ఖలాసీల మేస్త్రి. క్రేన్ కొక్కేనికి బరువు కట్టి, చేతి సైగలతో ఎత్తించి దింపించే వాళ్లని మా దగ్గర ఖలాసీలంటారు. పోర్టుకీ స్టీల్‌ప్లాంటుకీ మధ్య, గాజువాక దాటాక, పెద్ద పెద్ద పైపులూ ప్లేట్లూ తయారుచేసే ఓ మోస్తరు యార్డు మాది. మేస్త్రి ఎలమంచిలి దగ్గర పల్లె నుంచి రోజూ పాసింజర్ రైల్లో వచ్చి దువ్వాడలో దిగేవాడు.

చొక్కా జేబులో చిన్న దువ్వెన ఉండేది. పెద్ద బరువేదైనా లేపే ముందు హెల్మెట్ తీసి, శ్రద్ధగా తల దువ్వుకుని, మళ్లీ హెల్మెట్ పెట్టుకునేవాడు. ఎవరికీ కనిపించని జుట్టుకి అంత సోకెందుకని ఒకసారి అడిగాను.

“బరువు లెగిసినప్పుడు అందరూ నన్నే సూత్తారు కదేటి,” అన్నాడు.

మాటలు తక్కువ, చేతులెక్కువ. ఫోన్లో మాట్లాడుతున్నా అవతలివాళ్లకి కనిపిస్తున్నట్టే చెయ్యి ఊపేవాడు. ఎవరైనా టీ పోస్తుంటే మెల్లగా, ఇంకొంచెం, చాలు, అన్నీ వేళ్లతోనే. కోపం వస్తే మాత్రం నోరు లేచేది. ఆ తిట్లు రాస్తే మా అమ్మ ఈ కాగితం ముట్టుకోదు. రైళ్ల విషయంలో ఎవరేం చెప్పినా ఒప్పుకునేవాడు కాదు. పాసింజరు గంట లేటైన రోజున కూడా, “రైలు టయానికే వచ్చింది, స్టేషనే దూరం జరిగిపోనాది,” అని టైమ్ కీపర్‌తో వాదించాడు.

పొద్దున పని మొదలయ్యే ముందు ఆయనదొక ఆచారం. క్రేన్ ఖాళీ కొక్కెంతో నిలబడి ఉంటుంది. మేస్త్రి చుట్టూ చూసి ఎవరో ఒకర్ని పిలిచేవాడు. ఊడ్చే అప్పలమ్మని, టీ తెచ్చే మనిషిని, వాచ్‌మన్‌ని, ఒకసారి ఏవో సంతకాలకి వచ్చిన ఆఫీసు మేడంని కూడా. “రామ్మా, సెయ్యెత్తు,” అనేవాడు. కొక్కెం పైకి లేస్తుండగా వాళ్లు అరచెయ్యి చూపించాలి. ఆపరేటర్ టక్కున ఆపెయ్యాలి. అప్పలమ్మ మొదటిసారి చెయ్యెత్తగానే అంత క్రేనూ ఆగిపోయేసరికి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, “ఓలమ్మో, నా మాటిన్నాది!” అని ఒకటే నవ్వు.

“ఎత్తమని, దించమని నానొక్కడినే సెప్పాల. ఆపమని మాత్రం ఎవులు సెప్పినా ఆపాల. ఎందుకని తర్వాత అడగొచ్చు,” అనేవాడు మేస్త్రి చివర్లో. క్రేన్ పని ఎక్కడ జరిగినా ఉండే నియమమే ఇది. దాన్ని రోజూ పొద్దున్నే ఇలా ఆడించి చూపించేవాణ్ణి మాత్రం ఇంకెక్కడా చూడలేదు.

నాలుగేళ్ల కిందట నేనీ యార్డులో మేస్త్రి కింద ట్రైనీగా చేరాను. మా నాన్న స్టీల్‌ప్లాంటు ఉద్యోగానికని గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. అక్క చదువైపోకముందే ఉద్యోగం తెచ్చుకుంది. నా దగ్గర మూడుసార్లు రాస్తేగానీ పాసవ్వని రెండు సబ్జెక్టులూ, చెవుల్లో ఇయర్‌ఫోన్సూ ఉండేవి.

ఆ ఇయర్‌ఫోన్స్‌లో ఒక మనిషి కాపురం ఉండేవాడు. వీడియోల్లో నల్ల టీషర్టు, వెనకాల పెద్ద కారు. నోరు తెరిస్తే ‘తమ్ముడూ’. తమ్ముడూ, అయిదింటికి లే. తమ్ముడూ, తాగకు, కసరత్తు చెయ్యి. తమ్ముడూ, నిన్నెవరూ గౌరవించడం లేదు, తప్పు నీది కాదు. అక్కడిదాకా వింటే ఎవరికైనా బాగానే ఉంటుంది. తర్వాత మెల్లగా అసలు సరుకు దింపేవాడు. మగవాడి చోటు ఆడవాళ్లు లాక్కున్నారు. ఆడదాని మాట విన్నవాడు గొర్రె. ఆడది ‘వద్దు’ అంటే అది నీకు పెట్టిన పరీక్ష, ఆగినవాడు ఓడిపోయినవాడు.

ఇప్పుడు తల్చుకుంటే ఒళ్లంతా సిగ్గే. కానీ నిజం చెప్పాలి కదా. ఇంట్లో నాన్న నన్ను అడిగేది ఒక్కటే, “ఏమైంది?” అని. అంటే ఉద్యోగం సంగతి. స్నేహితులంతా హైదరాబాదు, బెంగళూరు పోయారు. రోజూ పిలిచి, నాతోనే మాట్లాడుతున్నట్టు మాట్లాడే మనిషి అతనొక్కడే. వీడియో అయిపోయాక ఓ పది నిమిషాలు ఛాతీ విరుచుకుని నడిచేవాణ్ణి. తిన్న కంచం తియ్యడం మానేశాను. ఫోన్లో అక్కని ఏదో అంటే అమ్మ నివ్వెరపోయి, “ఏవిట్రా ఆ మాటలు? ఎక్కణ్ణించి పట్టుకొచ్చావు?” అంది. నేను ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని బయటికెళ్లిపోయాను.

నాతోపాటే సేఫ్టీ ట్రైనీగా భవాని చేరింది. ఆనందపురం దగ్గర చామంతులు పండించే ఇంటి పిల్ల. టీకి వస్తావా అని అడిగాను. వద్దంది, మర్యాదగానే. పరీక్ష కాబోలనుకుని మెసేజీలు మొదలుపెట్టాను. ‘మెసేజీలు ఆపండి’ అని ఒక్క ముక్క రాసింది. ఆగినవాడు ఓడిపోయినవాడు కదా, ఇంకా పంపాను. నా నంబరు బ్లాక్ చేసింది. ‘తనకి పొగరు’ అని తేల్చుకుని, ఎదురుపడితే మొహం తిప్పుకుని తిరిగాను.

ఆ వారమే జరిగింది. పైపుల కట్ట లేపాలి. మేస్త్రి లారీ లోడింగు దగ్గర ఉండి, సైగలు నన్ను ఇమ్మన్నాడు. మొదటిసారి అంత బరువు నా చేతికిచ్చాడు. వేలు తిప్పాను, కట్ట లేచింది. నా ఎడమ పక్క ప్లేట్ల దొంతర ఉంది. దాని వెనక భవాని ఉన్నట్టు ఆపరేటర్‌కి కనిపించదు, నాకు కనిపిస్తుంది. తను చెయ్యెత్తింది. అరచెయ్యి నిటారుగా, నా వైపు.

చూశాను. చాలా బాగా చూశాను. ‘నామీద పెత్తనం చేద్దామనా?’ అనుకున్నాను. నా వేలు తిరుగుతూనే ఉంది.

“తాతా! ఇవతలకి రా!” అని భవాని గొంతు చించుకుని అరిచింది. పెయింటింగ్ పనిచేసే ముసలాయన కేరేజీ పెట్టుకుందామని కట్ట వెనక్కి వెళ్లాడు. అరుపుకి అదిరిపడి ఇవతలికి ఉరికాడు. అదే క్షణంలో దూరం నుంచి మేస్త్రి రెండు చేతులూ ఎత్తేశాడు, క్రేన్ ఆగింది. కట్టకి వేసిన ఒక తాడు అప్పటికే జారింది. ఒక కొస ధన్‌మని నేలకి కొట్టుకుంది. తాతకేమీ కాలేదు. ఆయన కేరేజీ మాత్రం అప్పడమైపోయింది, అందులోంచి పులుసన్నం మట్టిలోకి కారింది. ఆ మెతుకుల్ని చూస్తూ, ఇంకా గాల్లోనే ఉన్న వేలు దించాను.

మేస్త్రి వచ్చి నా ముందు నిలబడ్డాడు. “ఆ పిల్ల సెయ్యి సూసినావా?”

“లేదండి. ఎండ కంట్లో పడింది.”

ఆయన తలెత్తి ఆకాశం చూశాడు. యారాడ కొండ దాకా మబ్బు కమ్ముకుని ఉంది. తిరిగి లారీ దగ్గరికి వెళ్లిపోయాడు.

మేనేజరు నన్ను ఆ రోజే పంపించెయ్యాలన్నాడట. ఆ ఉద్యోగం పోతే నాన్న ముందు నిలబడే మొహం నాకు లేదు. “ఒక్క వారం నాకొగ్గేయండి. అప్పటికీ పనికి రాకపోతే నానే గేటు దాటించేత్తాను,” అని మేస్త్రి ఒప్పించాడు. ఆ వారమంతా నన్ను తాడు ముట్టుకోనివ్వలేదు. రోజూ పొద్దున ఇంజిన్ ఆపేసిన క్రేన్‌లో, ఆపరేటర్ సీట్లో కూర్చోబెట్టేవాడు. కింద నిలబడి, హెల్మెట్ తీసి తల దువ్వుకుని, కదలని క్రేన్‌కి గంభీరంగా సైగలు చేసేవాడు. జనం నవ్వుకునేవాళ్లు. నాకు మాత్రం మూడో రోజుకి నవ్వు ఆగిపోయింది. ఆ సీట్లోంచి సగం యార్డు కనిపించదు. కట్ట వెనక ఎవరున్నారో, దొంతర పక్కన ఎవరు అరుస్తున్నారో ఏదీ తెలియదు. కనిపించేదల్లా కింద నిలబడ్డ మనిషి చెయ్యొక్కటే.

నాలుగో రోజు అన్నాల వేళ నా పక్కనొచ్చి కూర్చున్నాడు. “ఎప్పుడు సూసినా సెవుల్లో ఏటినేత్తన్నావ్? నన్నూ ఇన్నీ,” అన్నాడు. తప్పించుకోలేక ఫోను ఆయన చేతికిచ్చాను. మెతుకు ముట్టకుండా వీడియో మొత్తం చూశాడు. తిడతాడని కాచుకుని ఉన్నాను.

“సగం మంచే సెప్తన్నాడు,” అన్నాడు. “తొరగా లెగమన్నాడు. తాగొద్దన్నాడు. మా నాయన సెప్పిందీ అదే.”

“మరి?”

“సిన్నప్పుడు ఉప్పుటేట్లో గేలం ఏసీవోణ్ణి. గేలానికి గుచ్చే రొయ్య దొంగ రొయ్య కాదురా. మంచి రొయ్యే. నేకపోతే సేప నోరెడతాదేటి?” చేత్తో గాలం లాగినట్టు లాగాడు. తర్వాత ఫోను తిరిగిస్తూ, “ఈడు నిన్ను రోజూ పలకరిత్తాడా?” అని అడిగాడు.

“ఆఁ.”

“ఇంకెవులు పలకరిత్తారు?”

అన్నం కెలుకుతూ కూర్చున్నాను. ఆయన తన కేరేజీలోని వంకాయ కూర నా గిన్నెలోకి తోశాడు.

మర్నాడు పొద్దున అయిదున్నరకి ఫోను మోగింది. వెనక రైలు చప్పుడు. “లెగిసినావా?” “లేచానండి.” “రైలు టయానికే ఉన్నాది.” కట్. ఆ తర్వాత రోజూ అంతే. మూడు మాటలు, కట్. నల్ల టీషర్టు మనిషి లక్షలమందిని ఒకేసారి ‘తమ్ముడూ’ అనేవాడు. ఈయన నా ఒక్కడికే ఫోన్ చేసి, నేను జవాబు చెప్పేదాకా ఆగేవాడు. తేడా తెలియడానికి నాకు చాలా రోజులు పట్టిందిగానీ, తెలిసింది.

వారం ముగిసిన ఆదివారం భోజనానికి వాళ్లూరు రమ్మన్నాడు. ఇంట్లో ఆయన వేరే మనిషి, ఎడతెగని వాగుడు. రైలు కథ ఏదో మొదలెట్టి మాంచి రసపట్టులో ఉండగా, పొయ్యి దగ్గర్నుంచి ఆయన భార్య తిరిగి చూడకుండానే అరచెయ్యి ఎత్తింది. మాట సగంలో ఆగిపోయింది. “కూరలు సల్లారిపోతన్నాయి. ఆ అబ్బాయిని తిన్నియ్యి,” అందావిడ. ఆయన బుద్ధిగా కంచం ముందుకి జరిగాడు. నా చెవిలోని నల్ల టీషర్టు ‘గొర్రె’ అని నవ్వినట్టు వినిపించింది. చేతులు కడుక్కుంటూ ఉండబట్టలేక అడిగేశాను.

“ఆవిడ చెయ్యెత్తగానే అలా ఆగిపోతారేంటండీ? చులకనైపోరూ?”

మేస్త్రి నన్ను వింతగా చూశాడు. “ఆగితే బరువు పడిపోదురా. ఆగకపోతేనే పడద్ది,” అన్నాడు. నా మొహం చూసి నవ్వి, “నాను సెయ్యెత్తితే అదీ ఆగుతాది. ఆగకపోతే ఇన్నేళ్లు ఒక్క గదిలో ఎలాగుంటాం?” అన్నాడు.

స్టేషన్‌కి నాతో నడిచి వచ్చాడు. గట్టు మీద నడుస్తుండగా ఆగి, “మేస్త్రి గారూ, ఆ రోజు నేను చూశానండి. చూసే ఆపలేదు,” అని చెప్పేశాను.

“నాకు తెల్సు. ఆ రోజు ఎండేదిరా?”

“మరి ఎందుకు ఊరుకున్నారు?”

“నాను సెప్పిత్తే అది నా మాట. నువ్వు సెప్తే నీ మాట.” చెయ్యి ముందుకి ఊపాడు, నడవమని. “నాతో సెప్పి లాభం నేదు. ఆ పిల్లకి సెప్పు. తాతకీ సెప్పు. మేనేజరుతో నాను మాటాడతాను.”

సోమవారం భవాని మంటలార్పడానికి పెట్టిన ఇసక బకెట్లు లెక్కపెడుతోంది. రెండు గజాల దూరంలో ఆగి చెప్పాను. చూసే ఆపలేదని, మెసేజీలు ఆపమన్నప్పుడూ ఆపలేదని, రెండూ ఒకటే తప్పని ఇప్పుడు తెలుస్తోందని. తను బకెట్లోని ఇసకని కర్రతో కలుపుతూనే వింది.

“నువ్వు సూసినావని నాకప్పుడే తెల్సు. నీ కళ్లు నా సెయ్యి మీదే ఉన్నాయి. అందుకే అరిసినాను,” అంది. “ఆ తాత పోయుంటే నాకు జన్మలో నిద్దరట్టేది కాదు. నీకు?”

“నాకూ.”

“ఇప్పుడు నేను పర్లేదనాలా? అనను. మళ్లీ సెయ్యెత్తితే ఆగు. అంతే.” అని తర్వాతి బకెట్ దగ్గరికి వెళ్లిపోయింది.

పెయింటర్ తాత మాత్రం నేను చెప్పిందంతా విని, “పోనిద్దూ, కేరేజీ పాతదే,” అన్నాడు. కొత్త కేరేజీ కొనిస్తే, మూత బిగువుగా ఉందని నెల్లాళ్లు సణిగాడు.

నేను ఒక్కరోజులో మారిపోలేదు. నల్ల టీషర్టు ఇంకో రెండు నెలలు నా ఫోన్లో ఉన్నాడు. కానీ ఎప్పుడు పెట్టినా ‘ఆగినవాడు ఓడిపోయినవాడు’ దగ్గరికొచ్చేసరికి నా కంటికి మట్టిలోని పులుసన్నం కనిపించేది. ఒకరోజు పెట్టడమే మర్చిపోయాను. ఆ సాయంత్రం కంచం కడుగుతుంటే అమ్మ వెనక నుంచి చూసి, గిన్నెలు కూడా నా ముందు పెట్టింది. అక్కకి ఫోన్ చేసి ఏడ్చాను. ఆ సంగతి ఇక్కడే మొదటిసారి చెబుతున్నాను.

మేస్త్రి నిరుడు రిటైరయ్యాడు. రైలెక్కే పని లేకపోయినా, పాసింజరు కూత వినిపించగానే ఫోన్ చేసేవాడు. సోమవారం కూడా చేశాడు. “లెగిసినావా?” “లేచానండి.” “రైలు టయానికే ఉన్నాది.” మంగళవారం అయిదున్నరకి ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాను. రైలు ఆలస్యమేమో అనుకున్నాను. గ్రూపులో కబురు ఆరింటికి వచ్చింది.

ఫొటో గొడవ తెమలకపోతే, చివరికి భవాని గ్రూపులో రాసింది. తనిప్పుడు మా సేఫ్టీ ఆఫీసరు. ‘చెయ్యి కొయ్యకండి. ఉన్నదున్నట్టు వెయ్యండి.’

నిన్న పొద్దున గేటు పక్కన ఫ్లెక్సీ కట్టాం. నిలువెత్తు మేస్త్రి, మొహం పక్కన అరచెయ్యి, మెడలో ఆనందపురం చామంతుల దండ. కట్టి పది నిమిషాలు కాలేదు, ప్లేట్ల లోడుతో వచ్చిన లారీ గేటు ముందు సడన్‌గా బ్రేకేసి ఆగిపోయింది. వెనక ఇంకో రెండు లారీలు హారన్లు.

“ఏటి బావా, ఎందుకాపినారు?” అని డ్రైవర్ కిటికీలోంచి తల బయట పెట్టాడు.

“ఎవరూ ఆపలేదే!” అన్నాను.

“ఆయన సెయ్యెత్తినాడు కదేటి?” అని ఫ్లెక్సీ చూపించి, అప్పుడు దండ చూసి నాలిక్కరుచుకున్నాడు. గేటు దగ్గరున్న వాళ్లందరం నవ్వాం. నవ్వుతూనే నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. డ్రైవర్ తలకి కట్టిన తువ్వాలు తీసి మేస్త్రికి దణ్ణం పెట్టాడు.

ఇక లోపలికి రమ్మని లారీకి చెయ్యి ఊపబోయాను. అవతలి పక్క నుంచి భవాని అరచెయ్యి లేచింది. నా చెయ్యి దానంతటదే నిటారుగా నిలబడిపోయింది, లారీ కదల్లేదు. ఎందుకో తర్వాత చూశాను. డ్రైవరుకి కనిపించని మూల నుంచి అప్పలమ్మ, చంకలో చీపురు పెట్టుకుని, ఫ్లెక్సీ వంకే చూసుకుంటూ, లారీ ముందు నుంచి నిదానంగా నడిచి వెళుతోంది.